మతం శాంతికీ ప్రజాస్వామ్యానికీ పనికొస్తుందా? పీస్ కమిటీల్లో కూర్చున్న అనుభవంతో నా జవాబు

కావలి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది: "మతం వల్లే సమాజంలో శాంతి, ప్రజాస్వామ్యం నిలబడ్డాయని మా లెక్చరర్ అంటారు. మతం లేకపోతే సగం గొడవలు ఉండవని నా రూమ్మేట్ అంటాడు. వేరే దేశాల్లో నిజంగా ఏం జరిగింది? ఇంకొకటి, వచ్చే పండక్కి మా ఊరి పీస్ కమిటీ మీటింగ్‌కి కుర్రాళ్ల తరఫున నన్ను రమ్మన్నారు. అక్కడ ఏం మాట్లాడాలో తెలియడం లేదు, టెన్షన్‌గా ఉంది."

నాయనా, ఆ రెండో ప్రశ్న అడిగినందుకు ముందుగా సంతోషం. మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఆ మీటింగ్‌లోనే దొరుకుతుంది.

నేను రెవెన్యూ శాఖలో 34 ఏళ్లు పనిచేశాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి తహసీల్దారుగా రిటైరయ్యాను. నెల్లూరు జిల్లాలో కొన్నాళ్లు, ప్రకాశం పడమటి మండలాల్లో ఎక్కువ కాలం. మా ఉద్యోగం అంటే పాస్ పుస్తకాలు, అడంగళ్లే అనుకుంటారు. కానీ పండగలొస్తే ఎస్సైతో కలిసి పీస్ కమిటీ పెట్టాల్సిందీ మేమే, ఎన్నికలొస్తే పోలింగు నడిపించాల్సిందీ మేమే. గుడి, మసీదు, చర్చి పెద్దలను నేను దగ్గర నుంచి చూసింది ఎక్కువగా మా ఆఫీసు మీటింగ్ హాల్లో, ప్లాస్టిక్ కుర్చీల మీద. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

2018 సెప్టెంబరు. ఆ ఏడు వినాయక చవితి 13న వచ్చింది. తొమ్మిదో రోజు నిమజ్జనం 21న. మొహర్రంలో పీర్లు నీళ్లకు వెళ్లే రోజు కూడా అదే. పడమట వైపు ఒక పెద్ద ఊళ్లో బస్టాండు నుంచి చెరువుకట్టకు ఒకటే రోడ్డు. మసీదు సందు మొదట్లో ఆ రోడ్డు ఇరుకు, రెండు ట్రాక్టర్లు పక్కపక్కన పోలేవు. అయిదింటికి పీర్లు లేవడం ఆనవాయితీ, నాలుగింటికి బొమ్మ కదలడం ఆనవాయితీ. రెండూ వెళ్లాల్సింది అదే చెరువుకు.

మీటింగ్ పెట్టాం. మొదటి గంటంతా ఉపన్యాసాలే. మనమంతా అన్నదమ్ములం, మా ఊళ్లో ఏనాడూ గొడవల్లేవు, అన్ని మతాలూ చెప్పేది ఒకటే. అందరూ బాగా మాట్లాడారు. వెనక వరసలో రెండు వైపుల కుర్రాళ్లూ ఫోన్లు చేతుల్లో పెట్టుకుని ఒకళ్లనొకళ్లు గుర్రుగా చూసుకుంటూనే ఉన్నారు. అప్పుడు రామాలయం కమిటీ పెద్దాయన లేచాడు. కిరాణా కొట్టు ఆయనది. ఆయన మా వైపు గానీ, మసీదు పెద్దల వైపు గానీ చూడలేదు. వెనక్కి తిరిగి తన కుర్రాళ్లతో అన్నాడు: "ఒరే, డీజే బండికి అడ్వాన్సు ఇచ్చింది నేను. మిగతా డబ్బులు నా దగ్గరే ఉన్నాయి. మసీదు సందు మొదట్నుంచి హైస్కూలు దాకా బండి మోగిందంటే పైసా ఇవ్వను. మోగించాలనుకున్నోడు వాడి జేబులోంచి ఇచ్చుకోండి." ఇద్దరు కుర్రాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు. ఆయన మాట మార్చలేదు.

ఆ తర్వాత పీర్ల చావిడి చూసుకునే ముజావర్ లేచాడు. "పీర్లు అయిదింటికే లేవాలని యాడుంది? మా నాయన కాలంలో వానొస్తే రాత్రి దాకా ఆగినాయి. వినాయకుడు మునిగినాక లేపుదాం, ఎనిమిదింటికి." ఆయన మేనల్లుడే అడ్డం వచ్చాడు, మనమే ఎందుకు ఆగాలని. "ఆగమని నేను చెప్తున్నా కాబట్టి" అన్నాడు ఆయన.

ఆ రోజు వినాయకుడి ఊరేగింపు ఆలస్యమైంది. ఎనిమిదన్నది తొమ్మిదిన్నర అయింది. చావిడి దగ్గర పీర్లకు దట్టీలు కట్టి సిద్ధంగా ఉంచారు. ఎత్తుకోవాల్సినవాళ్లలో సగం మంది హిందువులే, పొద్దున్నుంచీ ఉపవాసం ఉన్నారు. పిల్లలు మెట్ల మీదే నిద్రపోయారు. ముజావర్ ఊదు వేస్తూ కూర్చున్నాడు. ఆగింది చాలు లేపుదామని నాలుగైదు సార్లు వచ్చి అడిగారు. లేపలేదు. ఆఖరి ట్రాక్టరు కట్ట మీద నుంచి వెనక్కి తిరిగాక లేచి నిలబడ్డాడు. మర్నాడు నేను పంపిన రిపోర్టులో ఉన్నది ఒకటే వాక్యం: కార్యక్రమాలు ప్రశాంతంగా ముగిసినవి.

అంతకు చాలా ఏళ్ల ముందు వేరే మండలంలో ఇలాంటి మీటింగే జరిగింది. మాటలన్నీ ఇంతకన్నా గొప్పగా ఉన్నాయి. టీ, బిస్కెట్లు, రిజిస్టర్లో సంతకాలు. ఎవరి ఊరేగింపు ఏ సందులోంచి పోతుందో ఎవరూ అడగలేదు. తనవాళ్లతో ఒక్క గట్టి మాట ఎవరూ అనలేదు. ఆ రాత్రి రాళ్లు పడ్డాయి. ఇద్దరికి తలలు పగిలాయి. కేసులు పెట్టించుకున్న కుర్రాళ్లలో ఒకడికి తర్వాత గల్ఫ్‌లో ఉద్యోగం వచ్చింది, కేసు వల్ల పాస్‌పోర్టు రాలేదు. వాళ్ల అమ్మ నా టేబుల్ ముందు నిలబడిన తీరు నాకింకా గుర్తుంది. ఆ మీటింగ్ మినిట్స్ రాసింది నేనే. రూటు అడగాల్సింది కూడా నేనే.

ఈ రెండు మీటింగుల తేడాలోనే నేను మతం గురించి నేర్చుకున్నదంతా ఉంది. మీ లెక్చరర్ గారు మతగ్రంథాల్లోని మంచి మాటలు చూస్తున్నారు, మీ రూమ్మేట్ పేపర్లో గొడవల వార్తలు చూస్తున్నాడు. నేను చూసేది రెండు విషయాలు. ఆ మతం పెద్దలు తమవాళ్లను ఆపగలరా? అధికారంలో ఉన్నవాడి కుర్చీకి ఎంత దూరంలో నిలబడ్డారు? ఏ దేశం, ఏ మతం తీసుకున్నా ఈ రెంటి దగ్గరే తేలిపోతుంది.

ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ సంగతి తీసుకోండి. సరిహద్దు పఠాన్లంటే పగకు పగ, తుపాకీకి తుపాకీ అనుకునే జాతి. వాళ్లలోనే పుట్టినవాడు, ఐదు పూటలా నమాజు చేసేవాడు. 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ అనే దళం కట్టి, ఆయుధం పట్టబోమని, పగ తీర్చుకోబోమని వాళ్ల చేత ప్రమాణం చేయించాడు. సహనం ప్రవక్త నేర్పిన ఆయుధమని చెప్పాడు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో బ్రిటిష్ వాళ్లు జనం మీద కాల్పులు జరిపారు. అప్పుడే గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు, చంద్రసింగ్ గఢ్వాలీ ముందుండగా, నిరాయుధుల మీద కాల్చబోమని మొరాయించి జైళ్లకు వెళ్లారు. కాల్చనన్నది హిందువులు, ఎదురుగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఈ సంఘటన మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా వివరంగా ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

దక్షిణాఫ్రికాలో రెండు రకాలూ ఒకే మతంలో కనిపిస్తాయి. వర్ణవివక్షకు బైబిల్లో ఆధారాలు చూపించింది అక్కడి డచ్ రిఫార్మ్డ్ చర్చి. ప్రభుత్వంలో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఆ చర్చి సభ్యులే. దాన్ని తప్పని చెప్పింది కూడా అదే శాఖకు చెందిన చర్చిలే. 1982లో ప్రపంచవ్యాప్తంగా ఉన్న రిఫార్మ్డ్ చర్చిల కూటమి ఒట్టావాలో సమావేశమై, వర్ణవివక్షను సమర్థించడం మతద్రోహమని తీర్మానించి, ఆ చర్చి సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. బయటివాళ్లు ఎన్ని ఆంక్షలు పెట్టినా సొంత బంధువులు పంక్తిలోంచి లేపేస్తే తగిలే దెబ్బ వేరు.

అక్కడి నల్లజాతి బిషప్ డెస్మండ్ టూటూ పేరు మీరు వినే ఉంటారు. 1984లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, తర్వాత వర్ణవివక్ష నాటి నేరాలను విచారించిన సత్యం, సయోధ్య కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడు. నాకు మాత్రం ఆయన పేరు వినగానే గుర్తొచ్చేది 1985 జూలైలో డుడుజా అనే నల్లవాళ్ల పేటలో జరిగిన సంగతి. అంత్యక్రియలకు వచ్చిన జనం ఒక మనిషిని పోలీసు ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో పట్టుకుని నిప్పంటించబోయారు. టూటూ, ఆయనతో ఉన్న బిషప్పులు ఆ గుంపులోకి చొరబడి మనిషిని బయటికి లాగారు. ఆ గుంపు టూటూ సొంత జనం, వాళ్ల బాధ న్యాయమైనది, రోజూ చావులు చూస్తున్నవాళ్లు. తెల్ల ప్రభుత్వాన్ని తిట్టడం ఆయనకు అలవాటైన పనే. సొంతవాళ్లకు ఎదురు నిలబడడానికి ఆ రోజు చాలా ధైర్యం కావాలి.

లైబీరియా గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడుకోరు. 2003లో అక్కడ అంతర్యుద్ధం. అధ్యక్షుడు చార్లెస్ టేలర్ క్రైస్తవుడు, ఎదురు తిరిగిన దళాల్లో ముస్లింలు ఎక్కువ. లేమా గ్బోవీ అనే ఆవిడ లూథరన్ చర్చిలో ఆడవాళ్లను కూడగట్టింది, ముస్లిం ఆడవాళ్లు మసీదుల నుంచి వచ్చి కలిశారు. అందరూ తెల్ల బట్టలు కట్టుకుని రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర, టేలర్ కారు పోయే దారి పక్కన, ఎండలో వానలో రోజుల తరబడి కూర్చున్నారు. చర్చి ఆడవాళ్లు పాస్టర్ల మీద, ముస్లిం ఆడవాళ్లు ఇమామ్‌ల మీద ఒత్తిడి తెచ్చారు, మీవాళ్లకు మీరు చెప్పండని. ఘనాలో శాంతి చర్చలు సాగదీస్తుంటే అక్కడికీ వెళ్లి హాలు గుమ్మాలకు అడ్డంగా కూర్చున్నారు. ఆ ఆగస్టులో ఒప్పందం కుదిరింది. దాంతో ఇళ్లకు పోయి ఊరుకోలేదు, ఓటర్ల నమోదుకు తిరిగారు. 2005 ఎన్నికల్లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచింది. ఓటు ద్వారా ఆఫ్రికాలో ఒక దేశానికి అధ్యక్షురాలైన మొదటి మహిళ ఆవిడే.

మీ రూమ్మేట్ దగ్గరా బలమైన ఉదాహరణలు ఉన్నాయి, వాటిని దాచిపెట్టడం న్యాయం కాదు. 1994లో రువాండాలో లక్షల మందిని చంపారు. జనంలో ఎక్కువమంది క్రైస్తవులు. ప్రాణాలు దక్కించుకోవడానికి చర్చిల్లోకి పరుగెత్తినవాళ్లను చర్చిల్లోనే చంపారు. ఆ దేశపు ఆర్చిబిషప్ చాలా ఏళ్ల పాటు పాలక పార్టీ కేంద్ర కమిటీలో సభ్యుడిగా ఉన్నాడు. కుర్చీకి అంత దగ్గరగా కూర్చున్నాక ఎవరికి అడ్డం చెప్తాడు? అదే దేశంలో కొద్దిమందే ఉన్న ముస్లింలు, అధికారంలో ఏ వాటా లేనివాళ్లు, చాలామంది పొరుగువాళ్లను ఇళ్లలో దాచి కాపాడారు.

మయన్మార్‌లో 2007 సెప్టెంబరులో బౌద్ధ భిక్షువులు వేలాదిగా వీధుల్లోకి వచ్చి, సైనిక పాలకుల నుంచి భిక్ష తీసుకోబోమని పాత్రలు బోర్లించారు. బౌద్ధుడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు, దానం చేసే పుణ్యమే పోతుంది. కొన్నేళ్లు గడిచాక అదే కాషాయంలో ఉన్న మరికొందరు భిక్షువులు ముస్లింల మీద విద్వేషం రగిలించారు, రోహింగ్యా ముస్లింలను సైన్యం ఊళ్లు వదిలేదాకా తరిమితే సమర్థించారు. అదే మతం, అవే సూత్రాలు. మొదటిసారి వేలు చూపించింది తమ మతానికే చెందిన జనరళ్ల వైపు, రెండోసారి పక్కింటివాళ్ల వైపు.

మతం తనను తాను మార్చుకోగలదన్నది కూడా మర్చిపోవద్దు. కాథలిక్ చర్చి చాలా కాలం ప్రజాస్వామ్యాన్ని అనుమానంగానే చూసింది. రెండో వాటికన్ మహాసభలో, 1965లో, ఎవరి మత విశ్వాసం వాళ్ల హక్కని ఒప్పుకుంది. 1974 నుంచి 1989 దాకా ప్రజాస్వామ్యంలోకి వచ్చిన దేశాల్లో సుమారు ముప్పాతిక వంతు కాథలిక్ దేశాలేనని సామ్యూల్ హంటింగ్టన్ అనే రాజనీతి శాస్త్రవేత్త లెక్క చెప్పారు. స్పెయిన్, పోర్చుగల్, పోలండ్, లాటిన్ అమెరికా దేశాలు అందులో ఉన్నాయి. 1986 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్‌లో నియంత మార్కోస్ దిగిపోయే ముందు జనాన్ని రోడ్డు మీదికి రమ్మని పిలిచింది కార్డినల్ సిన్, అదీ చర్చి రేడియోలో.

ఇక మన దగ్గరికి వద్దాం. దూరదేశాలు చెప్పినంత సులువుగా ఇక్కడివి చెప్పలేం, ఎందుకంటే ఇందులో మన తాతలు ఉంటారు.

గుండ్లకమ్మ ఒడ్డున, దొనకొండకు కొంత దూరంలో చందవరం ఉంది. శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం బయటపడిన చోటు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మేకలు కాసుకునే కుర్రాడు తప్ప ఎవరూ లేరు. కొండ మీద నిలబడితే నాకు గుర్తొచ్చింది 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగం. ప్రజాస్వామ్యం మనకు కొత్త కాదని, బౌద్ధ సంఘాల్లో తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు ఉండేవని ఆయన చెప్పారు. భిక్షువులు పుల్లలతో ఓటు వేసేవాళ్లు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికే దారి తీస్తుందని కూడా ఆయన హెచ్చరించింది ఆ ప్రసంగంలోనే.

అదే గుండ్లకమ్మలో కిందికి వస్తే, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి రేవు. 1878 జూలై 3న అక్కడ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది మాదిగలు. ఒంగోలు బాప్తిస్టు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ అనే అమెరికన్ దొర అంతకు పదేళ్ల కిందట ఒక చిక్కులో పడ్డాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు చెప్పారు. ఆయన మాదిగలనే చేర్చుకున్నాడు. 1876-78 నాటి కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మతమార్పిడి మీద మీకు ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు, నేను దాని జోలికి పోను. ఊరి బడి గుమ్మం తొక్కనివ్వని పిల్లలు మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకుని, తర్వాతి తరాల్లో కచ్చేరికి వచ్చి సొంతంగా అర్జీ రాసి ఇచ్చారు. ఆ ఇళ్ల పిల్లలు మా ఆఫీసులో నాకు పైఅధికార్లుగా కూడా వచ్చారు. ప్రజాస్వామ్యం నా కళ్ల ముందు పెరగడం అంటే నాకు అదే.

అలాగని ఒక నది స్నానంతో కులం పోలేదు. టూటూ డుడుజాలో నిలబడిన ఆ 1985 జూలైలోనే, 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలను వెంటాడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల పారిపోయి వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. దాడిని ఆపడానికి ఏ మతం పెద్దా అడ్డం నిలబడలేదన్నది మనందరికీ తలవంపు. నిలబడడానికి కాస్త నేల ఇచ్చింది మాత్రం ఒక చర్చి ఆవరణ.

హిందువుల వైపు నుంచి తమవాళ్లను నిలదీసిన మనిషిని వెతుక్కుంటే మీకు దగ్గర్లోనే ఉన్నాడు. పొట్టి శ్రీరాములు అనగానే 1952 నాటి 58 రోజుల దీక్షే అందరూ చెప్తారు. 1946లో ఆయన నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశారు. ఎదుటి పక్షం బ్రిటిష్ వాళ్లు కారు, ఆయనలాగే బొట్టు పెట్టుకుని రోజూ గుడికి పోయే నెల్లూరువాళ్లే. గుడి తలుపులు తెరిచారు. అసలు నెల్లూరుకు ఈ దారి ఏడు వందల ఏళ్ల నాడే తిక్కన వేశారు. శైవులు, వైష్ణవులు కలహించుకునే కాలంలో ఆయన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితం ఇచ్చారు, ఇద్దరూ ఒకటేనని.

ఇక రొట్టెల పండగ. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర నాకు రెండు మూడేళ్లు డ్యూటీ పడింది. పన్నెండు మంది వీరుల సమాధులు, పక్కన స్వర్ణాల చెరువు. చాకలి దంపతులకు కల రావడం, ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు నయం కావడం అంటూ ఒక కథ చెప్పుకుంటారు. నేను చెప్పేది నీళ్లలో చూసింది. జనం మోకాలి లోతులో నిలబడి "చదువు రొట్టె!", "ఉద్యోగం రొట్టె!", "ఇంటి రొట్టె!" అని అరుస్తుంటారు. పోయినేడు కోరుకున్నది జరిగినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఒకసారి నా ఎదురుగానే బురఖాలో ఉన్న ఒక పెద్దామె, చంకలో మనవడు, సంతానం రొట్టె పట్టుకుని నిలబడింది. కుంకుమ బొట్టు పెట్టుకున్న ఒక అమ్మాయి నీళ్లలో తడుముకుంటూ వచ్చి కొంగు పట్టింది. ఆమె రొట్టె కొంగులో వేసి, "వచ్చే ఏడు బిడ్డనెత్తుకుని రా తల్లీ, నువ్వు ఇంకొకరికి ఇవ్వాల" అంది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. రెండో నిమిషంలో జనంలో కలిసిపోయారు.

కోరిక తీరిందా లేదా అన్నది వాళ్ల నమ్మకం. నన్ను కదిలించింది ఆ బాకీ. ఇచ్చినవాళ్లకు తిరిగి ఇవ్వలేరు, ముక్కూ ముఖం తెలియని ఇంకొకరికి తీర్చాలి, వాళ్లు ఎవరైనా సరే. ఈ ప్రాంతంలో ఇది నీళ్లతో పాటు ఇంకిపోయింది. కసుమూరు మస్తాన్ వలీ దర్గా పుణ్యమా అని మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్ రెడ్డి ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఓటర్ల జాబితా సరిచూసేటప్పుడు మస్తాన్ అన్న పేరును బట్టి మతం చెప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

ఓటు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఒక ఎన్నికలో నేను జోనల్ డ్యూటీలో ఉన్నాను. ఒక పల్లెలో పాస్టరు ఆదివారం ప్రార్థన అయ్యాక ఫలానా గుర్తుకే వేయమని చెప్పాడని ఫిర్యాదు వచ్చింది. పక్క పల్లెలో ఇంకో పాస్టరు "డబ్బు తీసుకోవద్దు, తెల్లారే పోయి వేయండి, ఎవరికో మీ ఇష్టం" అన్నాడు. మొదటి పల్లెలో పోలింగు రోజు మధ్యాహ్నానికే చర్చి రెండు ముక్కలైంది, ఒక వర్గం చాలా కాలం ఆ చర్చికే రాలేదు. రెండో పల్లెలో పొద్దున ఏడింటికే ముసలివాళ్లు క్యూలో ఉన్నారు. మతం పేరు చెప్పి ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని ఇంకా విస్తరించి, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనని చెప్పింది. గుడి, మసీదు, చర్చి ఆవరణలను రాజకీయాలకు వాడకూడదని 1988లోనే చట్టం వచ్చింది. ఈ చట్టాలు మతానికి వ్యతిరేకమని కొందరు నాతో వాదించారు. మతం పరువు కాపాడే చట్టాలివి అని నా అభిప్రాయం. ఎమ్మెల్యే కారులో తిరిగే స్వామీజీ గానీ, ముల్లా గానీ, పాస్టరు గానీ గొడవ రోజు రాత్రి ఊళ్లోకి వచ్చి చెప్తే సొంత మతం కుర్రాళ్లు కూడా వినరు. నేను చూశాను.

ఇప్పుడు మీ మీటింగ్. అన్నదమ్ముల ఉపన్యాసం మీరు చేయకండి, అది చేసేవాళ్లు చాలామంది ఉంటారు. ముందురోజు సాయంత్రం ఊరేగింపు దారి మొత్తం నడిచి చూడండి. ఎక్కడ ఇరుకు, ఎక్కడ కరెంటు తీగలు కిందికి ఉన్నాయి, మసీదు, గుడి, చర్చి ముందు బండి ఎంతసేపు ఆగుతుంది, నమాజు టైము ఎప్పుడు, అన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. మీటింగ్‌లో ఆ కాగితం తీసి, ఫలానా చోట నుంచి ఫలానా చోట దాకా డీజే ఆపుతాం అని మీవాళ్ల తరఫున మీరే ముందు చెప్పండి. అవతలివాళ్లు ఏం ఆపాలో మీరు చెప్పొద్దు. కిరాణా కొట్టు పెద్దాయన అడగలేదు, అయినా ముజావర్ లేచాడు. లేవకపోవచ్చు కూడా. అప్పుడైనా మీరన్న మాట మీద ఉండండి.

మీ వెనక కూర్చున్నవాళ్లు మిమ్మల్ని పిరికివాడని అంటారు. ఆ రోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో కూడా అంటారు. మీటింగ్‌కి పోయే ముందే మీ స్నేహితుల్లో ఇద్దరికి మీరు చెప్పబోయేది చెప్పి ఒప్పించండి, ఒంటరిగా పోవద్దు. కమిటీలో ఆడవాళ్లు ఒక్కరూ లేకపోతే ఎందుకు లేరని ఎస్సైని అడగండి. రాళ్లు పడ్డ రాత్రి ఏ ఇంట్లో ఎవరు లేరో ముందు తెలిసేది తల్లులకే.

టీ తాగేటప్పుడు అవతలి కుర్రాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. జెండా చించారు, బొమ్మ మీద రాయి వేశారు అని మెసేజ్ వస్తే గ్రూపులో పెట్టకముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి. మీ రూటు కాగితం ఫోటో తీసి నాకు పంపితే చూసి చెప్తాను. చెరువు దగ్గర దిగే చోటు, లైట్లు, గజ ఈతగాళ్లు రాయడం మర్చిపోకండి, కుర్రాళ్లు ఎప్పుడూ మర్చిపోయేది అదే.